ఇంజిను కన్నా ముందు జనరేటర్

సాయంత్రం అయిదున్నర దాటేసరికి కేరళలోని వేంబనాడు సరస్సులో హౌస్‌బోట్లు ఒక్కొక్కటే గట్టుకు చేరతాయి. చీకటి పడ్డాక జాలర్లు వలలు వేసుకుంటారు కాబట్టి ఆ వేళ పడవలు తిరగవు. కొబ్బరిచెట్టుకు తాడు కడతారు. వెనక వంటింట్లో కరిమీన్ చేప వేగుతూ ఉంటుంది. నీళ్లు నిశ్చలంగా ఉంటాయి, అవతలి గట్టు మీద మాటలు కూడా వినిపిస్తాయి. తొమ్మిదింటికి గదుల్లో ఏసీలు వేస్తారు. ఆ క్షణం నుంచి పడవ వెనకభాగంలో డుగడుగ మొదలవుతుంది, తెల్లవారి ఆరు దాకా ఆగదు. అది పడవను నడిపే ఇంజిను కాదు. కదలకుండా కట్టేసి ఉన్న పడవలో రాత్రంతా డీజిల్ తాగే జనరేటర్.

హౌస్‌బోటును విద్యుత్తుతో నడపాలనుకునే యజమాని సాధారణంగా వేసే మొదటి ప్రశ్న, "ఎన్ని హార్స్‌పవర్ మోటారు పెట్టాలి?" అని. అమ్మేవారూ దానికి వెంటనే జవాబు చెబుతారు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉన్నది మోటార్లే. కానీ ఆ ప్రశ్న రెండోది, ఇంకా చెప్పాలంటే నాలుగోది. మొదట తెలియాల్సింది ఇరవైనాలుగు గంటల్లో ఈ పడవ శక్తి ఎక్కడెక్కడ ఖర్చవుతోందన్నది. ఆ లెక్క చేతిలో లేకుండా కొన్న మోటారు, కొలత తీసుకోకుండా కుట్టించిన చొక్కా లాంటిది. ఒంటికి పట్టనూ వచ్చు, పట్టకపోనూ వచ్చు.

లెక్కకు కావలసిన భాష అందరికీ తెలిసిందే. ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్. ఒక కిలోవాట్ గంటసేపు వాడితే ఒక యూనిట్. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల వేడి దాగి ఉంటుంది. అందులో చిన్న ఇంజిను ప్రొపెల్లర్ షాఫ్టుకు అందించేది మూడు యూనిట్లే. మిగతాది పొగగొట్టంలోంచీ చల్లార్చే నీళ్లలోంచీ పోతుంది. జనరేటర్ అయితే ఇంకొంచెం తక్కువ, లీటరుకు రెండున్నర యూనిట్లు అనుకోవచ్చు. సగం లోడు మీద నడిచే జనరేటర్‌కు అది కూడా కష్టమే. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు, డీజిల్ డబ్బాలను యూనిట్లలోకి మార్చుకోవచ్చు.

ఇక్కడ యజమాని చేయవలసిన పని ఒకటుంది, డబ్బు ఖర్చులేనిది. ఒక నోటుపుస్తకం కొని పడవలో పెట్టాలి. పదిహేను రోజుల పాటు ఇంజిను ఎన్ని గంటలు తిరిగింది, జనరేటర్ ఎన్ని గంటలు తిరిగింది, దేనికెన్ని లీటర్లు పోశారు, ఫోనులో జీపీఎస్ వేగం ఎంత చూపించింది, ఏ రేవులో ఎంతసేపు ఆగారు, ఇవన్నీ అందులో రాయించాలి. ఇంజినుకూ జనరేటర్‌కూ ఒకే ట్యాంకు ఉంటే కొన్నాళ్లు వేరు డబ్బాలు పెట్టక తప్పదు. పడవ నడిపే సరంగుకు ఇది అదనపు పని అనిపిస్తుంది. కానీ ఆ పడవ గురించి అతనికి తెలిసినంత ఏ కంపెనీ ఇంజినీరుకూ తెలియదు. ఆ పుస్తకం అతని చేతిలోనే ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు గదుల హౌస్‌బోటు. మధ్యాహ్నం అతిథులు ఎక్కిన దగ్గర నుంచి మర్నాడు దిగేదాకా అయిదు గంటలు కదులుతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగం, గంటకు 3 లీటర్ల డీజిల్. అంటే షాఫ్టు దగ్గర 9 కిలోవాట్లు. అయిదు గంటలకు 45 యూనిట్లు. ఇక రాత్రి మూడు ఏసీలు తొమ్మిది గంటలు. కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఒక్కొక్కదానికి సగటున 0.9 కిలోవాట్ అనుకుంటే మొత్తం 24 యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు, నీళ్ల మోటారు కలిపి మరో 6. ఈ లెక్కలో పడవను నడపడమే పెద్ద ఖర్చుగా కనిపిస్తోంది. అయితే వేగం కాస్త తగ్గిస్తే చిత్రం మారిపోతుంది.

నీళ్లు పడవను ఆపే తీరు రోడ్డు బండిని ఆపే తీరులాంటిది కాదు. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవకు కావలసిన శక్తి, వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. పడవ పొడవును బట్టి ఒక హద్దు కూడా ఉంటుంది. ఆ హద్దు దగ్గరపడే కొద్దీ పడవ తాను లేపిన అలనే తాను ఎక్కుతున్నట్టవుతుంది, పోసిన శక్తంతా అలల్లో కలుస్తుంది. ఇది తిరగేసి చూస్తే మేలు కనిపిస్తుంది. గంటకు 8 కిలోమీటర్ల నుంచి 6.4కు తగ్గితే వేగం అయిదో వంతే తగ్గింది. శక్తి మాత్రం 9 కిలోవాట్ల నుంచి 4.6కు, అంటే సగానికి దిగింది. అయిదు గంటలకు 23 యూనిట్లు. అతిథి చూసే దూరం 40 కిలోమీటర్లకు బదులు 32. కొబ్బరితోటలూ వరిపొలాలూ చూడ్డానికి వచ్చినవారికి ఆ ఎనిమిది కిలోమీటర్ల తేడా తెలుస్తుందా అంటే, తెలియదనే చెప్పాలి. బ్రిటన్ కాలువల్లో మనుషులు ఏళ్ల తరబడి కాపురముండే సన్నని పడవలకు వేగపరిమితే గంటకు 4 మైళ్లు, అంటే సరిగ్గా ఈ 6.4 కిలోమీటర్లు. అక్కడ విద్యుత్ పడవలు సులువుగా కుదురుకోవడానికి అదొక కారణం.

ఇప్పుడు పుస్తకం మళ్లీ చూడాలి. రోజంతా పడవను నడపడానికి 23 యూనిట్లు. రాత్రి కదలకుండా నిలబడి గదులు చల్లబరచడానికి 24. హౌస్‌బోటు అన్న మాటలో ముందు 'హౌస్', తరవాతే 'బోటు'. విద్యుత్ చోదకం ఎంచుకునేవారు ఈ వరుసనే మరిచిపోతారు.

ముందు లెక్క, ఆ తరవాతే మోటారు అన్నదాన్ని నిజజీవితంలో చక్కగా నిరూపించిన పడవ కేరళలోనే ఉంది. 2017 జనవరిలో వైకోం, తవణక్కడవు రేవుల మధ్య 'ఆదిత్య' అనే సౌరవిద్యుత్ ఫెర్రీ మొదలైంది. దేశంలో ఆ తరహా ప్రయాణికుల ఫెర్రీల్లో అదే మొదటిది. కేరళ రాష్ట్ర జలరవాణా శాఖ కోసం కొచ్చికి చెందిన నవాల్ట్ సంస్థ కట్టింది. 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 75 మంది ప్రయాణికులు. పైకప్పు మీద 20 కిలోవాట్ల సోలార్ పలకలు, కింద 50 యూనిట్ల లిథియం బ్యాటరీ, రెండు 20 కిలోవాట్ల మోటార్లు. అంకెలు చూస్తే 75 మందికి ఇంత చిన్న బ్యాటరీ ఎలా సరిపోతుందా అనిపిస్తుంది. సరిపోవడానికి కారణం మోటారు గొప్పతనం ఒక్కటే కాదు. దారి తెలుసు, పావుగంట ప్రయాణం అని తెలుసు, రోజుకు ఎన్ని ట్రిప్పులో తెలుసు. అవన్నీ లెక్కించాకే పడవ గీశారు. రెండు సన్నని పడవలను జతకలిపినట్టుండే ఫైబర్‌గ్లాస్ దేహం పెట్టి బరువు, నీటి నిరోధం తగ్గించారు. బ్యాటరీ చివర్లో వచ్చింది.

పాత హౌస్‌బోటు యజమానికి ఆ వెసులుబాటు లేదు. అతని దగ్గరున్నది కెట్టువళ్లం. కెట్టు అంటే మన 'కట్టు'కు తోబుట్టువే, వళ్లం అంటే పడవ. మేకులు లేకుండా ఆంజిలి చెక్క పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి కట్టే పడవ. ఒకప్పుడు కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చి దాకా మోసింది. బరువు మోయడానికి పుట్టింది కాబట్టి లోపల బ్యాటరీలకు చోటుంది, అది మంచి విషయం. వెడల్పుగా బరువుగా ఉంటుంది కాబట్టి నీటిని ఎక్కువగా నెట్టాలి, అది మంచిది కాని విషయం. అందుకే ఆదిత్య అంకెలు చూసి తన పడవకు అలాగే వస్తుందనుకోకూడదు. ఆదిత్య నుంచి తీసుకోవలసింది అంకెలు కాదు, లెక్క వేసిన పద్ధతి.

విద్యుత్ పడవ నిన్నమొన్నటి మోజు కూడా కాదు. 1881లోనే గుస్తావ్ త్రూవే పారిస్‌లోని సెన్ నది మీద విద్యుత్ మోటారుతో చిన్న పడవ నడిపాడు. జర్మనీలోని బవేరియాలో కోనిగ్‌సే అనే సరస్సు ఉంది. చుట్టూ నిలువు కొండలు. అక్కడ యాత్రికుల పడవలు 1909 నుంచీ బ్యాటరీ మీదే నడుస్తున్నాయి. సరస్సు మధ్య పడవ ఆపి బాకా ఊదుతారు, కొండ దాన్ని తిరిగి పలుకుతుంది. యాత్రికులు దానికోసమే ఎక్కుతారు. డీజిల్ ఇంజిను ఉంటే ఆ ప్రతిధ్వని అందులో కలిసిపోయేది. నిశ్శబ్దానికి విలువ కట్టడం తెలిసిన వ్యాపారం అది.

తెలుగు నేల మీదికి వస్తే ప్రశ్న ఇంకోలా ఉంటుంది. కోనసీమలో దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలో హౌస్‌బోట్లు ఉన్నాయి. సముద్రం దగ్గర కావడంతో అక్కడ పోటు, పాటు రెండూ ఉంటాయి. "పోటు మీదైతే ఇట్టే పోతామండి, పాటులో ఎదురెళ్తే గంట ఎక్కువ పడుద్దండి" అని సరంగు చెప్పే మాటను యూనిట్లలోకి మార్చాలి. నిశ్చలమైన నీళ్లలో గంటకు 7 కిలోమీటర్లు పోయే పడవకు 10 కిలోమీటర్లు పోవడానికి దాదాపు గంటా 25 నిమిషాలు చాలు. గంటకు 3 కిలోమీటర్ల ఎదురునీరు వస్తే అదే పడవకు రెండున్నర గంటలు పడుతుంది. అదే దూరానికి బ్యాటరీ ముప్పావు వంతు ఎక్కువ కరుగుతుంది. పోనీ వేగం పెంచి వేళకు చేరదామనుకుంటే నీటి మీద 10 కిలోమీటర్ల వేగం కావాలి, దానికి శక్తి దాదాపు మూడు రెట్లు. కాబట్టి దిండిలో విద్యుత్ హౌస్‌బోటు నడిపే సరంగు పోటుపాట్ల వేళలు చూసుకుని బయల్దేరాలి. పాతకాలం పడవవాళ్లు చేసింది అదే.

పాపికొండల దారి వేరు. అక్కడ గోదావరి కొండల మధ్య ఇరుకుగా పారుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పర్యాటక బోటు బోల్తాపడి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన సంగతి ఆ తీరంలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి ప్రవాహంలో మోటారు డీజిలా విద్యుత్తా అన్న చర్చ కంటే ముందు, పడవ ఆ నీటిలోకి అసలు వెళ్లవచ్చా అన్నది తేలాలి. నిశ్చలమైన నీటి లెక్కతో కొన్న బ్యాటరీని వరద ఏటిలోకి తీసుకెళ్లడం ఎవరూ చేయకూడని పని. విద్యుత్ హౌస్‌బోటు మొదటి ఇల్లు నెమ్మదైన నీరు, అంటే కాలువ, సరస్సు, బ్యాక్‌వాటర్.

ఇక బ్యాటరీ. ఎంత పెద్దది కావాలన్నది పడవ ఎంత తిరుగుతుందన్న దాని కంటే రెండు చార్జింగుల మధ్య ఎంత వాడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. మన ఉదాహరణలో రాత్రి కట్టే చోట కరెంటు కనెక్షన్ ఉంటే ఏసీలు నేరుగా గట్టు కరెంటు మీద నడుస్తాయి. బ్యాటరీ మోయాల్సింది పగటి 23 యూనిట్లు, పైన చిల్లర వాడకం 4, మొత్తం 27. నూటికి 30 వంతులు ఎప్పుడూ ముట్టకుండా ఉంచుకోవాలనుకుంటే 40 యూనిట్ల బ్యాటరీ సరిపోతుంది. గట్టు మీద కరెంటు లేకపోతే రాత్రి ఏసీలు కూడా దాని నెత్తినే పడతాయి. అప్పుడు 53 యూనిట్ల వాడకానికి 76 యూనిట్ల బ్యాటరీ కావాలి. అంటే గట్టు మీద ఒక మీటరు, ఒక స్తంభం, ఒక మందపాటి కేబుల్, ఈ మూడూ కలిసి బ్యాటరీ ఖర్చును దాదాపు సగానికి దించాయి. లక్షలు పెట్టి బ్యాటరీ కొనేముందు యజమాని విద్యుత్ శాఖ ఆఫీసుకు ఒకసారి వెళ్లి రావడం అందుకే మంచిది.

మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి వచ్చేది మూడున్నర కిలోవాట్లే. 30 యూనిట్లు నింపడానికి దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది, అదే తొమ్మిది గంటలు ఏసీలూ నడవాలి. కాబట్టి 8 కిలోవాట్ల దాకా త్రీఫేజ్ కనెక్షన్ అడగాలి. ప్లగ్గు వర్షానికి తడవని రకమై ఉండాలి, ఎర్త్ లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. తడి చెక్క మీద తడి కాళ్లతో నిలబడి కేబుల్ తగిలించే కుర్రవాడి ప్రాణం దాని మీదే ఉంది. ఆ ఖర్చు దగ్గర ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవద్దు.

బ్యాటరీ రకాల్లో ఇప్పుడు హౌస్‌బోటుకు తగినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వేల సార్లు నింపి వాడుకోవచ్చు, వేడెక్కి అంటుకునే స్వభావం మిగతా లిథియం రకాల కంటే తక్కువ, యూనిట్‌కు సుమారు 10 కిలోల బరువు. సీసం బ్యాటరీ కొనేటప్పుడు చవక. కానీ దాన్ని సగానికి మించి వాడితే ఆయువు తొందరగా తీరుతుంది. యూనిట్‌కు 30 కిలోలు తూగుతుంది. 27 యూనిట్లు వాడుకోవాలంటే 54 యూనిట్లది కొనాలి, బరువు టన్నున్నర దాటుతుంది. ఇంకో రకం లిథియం టైటనేట్. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవల్లో వాడుతున్నది అదే. ప్రయాణికులు ఎక్కిదిగే కొద్ది నిమిషాల్లోనే చార్జి అందుకోగలదు. రేవు రేవుకూ తిరిగే ఫెర్రీకి ఆ గుణం బంగారం. రాత్రంతా తీరిగ్గా నిలిచే హౌస్‌బోటుకు ఆ వేగం అక్కర్లేదు, దానికి పెట్టే అదనపు ధరా అక్కర్లేదు.

పైకప్పు మీద సోలార్ అనగానే చాలామందికి డబ్బు పెట్టాలనిపిస్తుంది. పెట్టవచ్చు, హద్దు తెలుసుకుని. దక్షిణాదిలో ఒక కిలోవాట్ పలకలు ఎండ ఉన్న రోజున 4 యూనిట్ల దాకా ఇస్తాయి. 6 కిలోవాట్లు పెట్టాలంటే 30 చదరపు మీటర్ల చోటు కావాలి, దాదాపు 300 కిలోల బరువు పడవ నెత్తికెక్కుతుంది. అంత బరువు అంత ఎత్తున చేరితే పడవ ఊగే తీరు మారుతుంది, గాలికి పలకలు తెరచాపలవుతాయి. కెట్టువళ్లం కప్పు వెదురు తడకలతో గుండ్రంగా ఉంటుంది. దానికి ఒదిగే పలచని పలకలు దొరుకుతాయి గానీ కింద గాలి ఆడక వేడెక్కి తొందరగా పాడవుతాయి. ఆపైన జూన్, జులైల్లో మబ్బు. బ్యాటరీ లెక్క వేసేటప్పుడు సోలార్‌ను సున్నా అనుకుని, వచ్చింది లాభంగా రాసుకోవడమే క్షేమం.

మోటారు వంతు ఇప్పుడు వచ్చింది. పాత ఇంజిను తీసి అదే షాఫ్టుకు మోటారు బిగించడం ఒక పద్ధతి. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డు మోటారు ఇంకొకటి. నీటి కింద ప్రొపెల్లర్‌తో కలిపి ఉండే పాడ్ మూడోది. గుర్రపుడెక్క నిండిన నీటిలో తిరిగే పడవకు అవుట్‌బోర్డు హాయి, ఎత్తి ఆకు తీసేసుకోవచ్చు. షాఫ్టు పద్ధతిలో మనిషి నీళ్లలోకి దిగాలి. విద్యుత్ మోటారు మొదటి తిప్పు నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పగలదు, బరువైన పడవకు కావలసింది అదే. కొత్త మోటారుకు పాత డీజిల్ ప్రొపెల్లర్ ఉంచేసి బ్యాటరీ నిలవడం లేదని బాధపడేవారు చూడాల్సిన మొదటి చోటు అది.

వోల్టేజి గురించి ఒక్క మాట. 10 కిలోవాట్ల మోటారు 48 వోల్టుల మీద 200 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 96 వోల్టుల మీద సగమే. కరెంటు సగమైతే తీగలో పుట్టే వేడి నాలుగో వంతు. అయితే 60 వోల్టులు దాటిన డీసీ మనిషికి ప్రమాదం, దాన్ని ముట్టుకునే ఎలక్ట్రీషియన్‌కు ఆ పని నేర్పి ఉండాలి. చిన్న హౌస్‌బోటుకు 48 చాలు, తీగలు లావుగా, వాటి చివర బిగించే లగ్గులు గట్టిగా ఉంటే. ఉప్పునీటి గాలి తగిలే చోట తగరపు పూత ఉన్న రాగి తీగలే వాడాలి, లేకపోతే రెండు వర్షాకాలాల్లో పచ్చగా చిలుం పడుతుంది.

ప్రమాదం సంగతి దాచకూడదు. 2019 అక్టోబరులో నార్వేలో ఒక ఫెర్రీ బ్యాటరీ గదిలో నిప్పు పుట్టింది. ప్రయాణికులు దిగి క్షేమంగా ఉన్నారు. మర్నాడు ఉదయం అదే పడవలో పేరుకున్న వాయువు పేలింది. ఆ దుర్ఘటన చెప్పేది ఏమిటంటే, లిథియం బ్యాటరీకి మంట ఒక్కటే శత్రువు కాదు, లోపల చేరే వాయువు కూడా. హౌస్‌బోటులో దానికి తోడు వంటగ్యాసు ఉంది. గ్యాసు గాలి కన్నా బరువు, కారితే పడవ అడుగుకు దిగి కూర్చుంటుంది. బ్యాటరీ పెట్టె అక్కడే ఉంటే ఒక్క రవ్వ చాలు. కాబట్టి బ్యాటరీలు వంటింటికి దూరంగా, అడుగున చేరే నీటికి ఎత్తులో, బయటికి గాలి పోయే విడి అరలో ఉండాలి. బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ బోర్డు ఏదైనా తేడా కనిపిస్తే సరఫరా ఆపేస్తుంది. సరస్సు మధ్యలో అది జరిగితే పడవ ఒక్కసారిగా నిలిచిపోతుంది. బ్యాటరీని రెండు వేరు భాగాలుగా పెట్టడం, నీళ్లు తోడే పంపుకూ హారన్‌కూ దీపాలకూ విడిగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంచడం అందుకే.

హారన్ అనగానే ఒకటి గుర్తు చేయాలి. డీజిల్ పడవ వస్తోందని చిన్న దోనెల్లో వెళ్లేవాళ్లు చప్పుడును బట్టి తెలుసుకుంటారు. విద్యుత్ పడవ దగ్గరికి వచ్చేదాకా వినిపించదు. కాలువ మలుపుల్లో, బడిపిల్లలు దోనె నడుపుకుంటూ పోయే వేళల్లో ముందుగా హారన్ కొట్టే అలవాటు సరంగుకు నేర్పాలి.

డబ్బు లెక్క కూడా ఆ నోటుపుస్తకం నుంచే వస్తుంది. లీటరు డీజిల్ 96 రూపాయలు, గట్టు కరెంటు యూనిట్ 10 రూపాయలు అనుకుందాం. ఎవరి ఊరి ధర వాళ్లు వేసుకోవచ్చు. డీజిల్ ఇంజిను షాఫ్టుకు ఇచ్చే యూనిట్ ఖరీదు 32 రూపాయలు. చార్జింగులోనూ మోటారులోనూ పోయేవి తీసేస్తే విద్యుత్ యూనిట్ పన్నెండున్నర. ఏడాదికి 150 రోజులు, రోజుకు 23 యూనిట్లు. మిగిలేది సుమారు 67 వేలు. జనరేటర్ యూనిట్ ఖరీదు 38 రూపాయలు దాటుతుంది. దాని బదులు గట్టు కరెంటు వాడితే రోజుకు 24 యూనిట్ల మీద ఏడాదికి మిగిలేది లక్షా రెండు వేలు. మొదటిదానికి బ్యాటరీ, మోటారు, కంట్రోలర్ అన్నీ కొనాలి. రెండోదానికి స్తంభమూ కేబులూ చాలు.

డబ్బు పరిమితంగా ఉన్న యజమాని పని మొదలుపెట్టాల్సింది అక్కడే. ముందు జనరేటర్‌ను దించాలి. పాత ఏసీల బదులు ఇన్వర్టర్ ఏసీలు, తడకల కప్పు లోపల వేడి ఆపే పొర వేస్తే 24 యూనిట్లు ఇంకా తగ్గుతాయి. ఒక సీజన్ అలా నడిపాక మిగిలిన డబ్బుతో, చేతిలో ఏడాది లెక్కలతో, మోటారు దగ్గరికి వెళ్లవచ్చు. అప్పుడు అమ్మేవారు చెప్పిన అంకెను సరిచూసే శక్తి అతనికి ఉంటుంది. అప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరకపోతే పాత డీజిల్ ఇంజినును ఉంచి అదే షాఫ్టుకు విద్యుత్ మోటారు జోడించవచ్చు, లేదా చిన్న జనరేటర్‌ను ఆపద్ధర్మంగా ఉంచుకోవచ్చు. కొచ్చి వాటర్ మెట్రో పడవల్లో కూడా డీజిల్ తోడు ఉంది. దాన్ని వెనకడుగు అనుకోనక్కర్లేదు. అయితే రెండు వ్యవస్థలకూ రెండు మరమ్మతులు ఉంటాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

అంతర్దేశీయ నౌకల చట్టం 2021 కింద యాంత్రిక పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంజిను మార్చేముందే సర్వేయర్‌కు డ్రాయింగులు చూపించడం తేలిక, మార్చేశాక ఒప్పించడం కష్టం. ఇంజినూ ట్యాంకూ తీసేశాక పడవ వెనకభాగం పైకి లేస్తుంది. బ్యాటరీల బరువు ఎక్కడ పెడితే మళ్లీ సమంగా తేలుతుందో అప్పుడే చూపించమని అడగాలి.

మోటారు బిగించిన మొదటి వారం అతిథుల్ని ఎక్కించుకోకూడదు. నీరు కదలని తెల్లవారుజామున, సరంగును చుక్కాని దగ్గర కూర్చోబెట్టి, వేగం ఒక్కో మెట్టు పెంచుతూ మీటరు మీది ఆంపియర్లూ ఫోను మీది కిలోమీటర్లూ పక్కపక్కన రాయించాలి. అటు వెళ్లి ఇటు రావాలి, గాలీ నీటి వాలూ చెల్లుకుపోవడానికి. ఆ పట్టిక నూనెరంగుతో చుక్కాని ముందు పలక మీదికి ఎక్కాలి. 6.4 కిలోమీటర్ల దగ్గర 95 ఆంపియర్లు అని అక్కడ రాసి ఉంటే, ఒకనాడు మధ్యాహ్నం అదే వేగానికి ముల్లు 130 చూపించినప్పుడు సరంగుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మోటారు ఆపి వెనక్కి వెళ్లి, నీళ్లలోకి దిగి, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న గుర్రపుడెక్క వేళ్లను కొడవలితో కోసి గట్టు మీదికి విసిరేస్తాడు. తిరిగి వచ్చి మోటారు వేసి అదే వేగం అందుకుంటే ముల్లు 95 దగ్గరికి దిగి ఉంటుంది.